గాయం మానింది, భయం పోలేదు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరులో ఫిజియోథెరపిస్టుని. హోసూరు రోడ్డు మీద బండి జారి కాలు విరిగినవాళ్లు, వైట్‌ఫీల్డ్ వైపు కట్టడాల్లో పరంజా మీంచి పడ్డవాళ్లు, మెషీన్‌లో చెయ్యి నలిగినవాళ్లు కట్టు విప్పాక మా దగ్గరికి వస్తారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఎముక గురించి అందరి ముందే అడుగుతారు. నిద్ర, భయం, కోపం గురించి మాత్రం వెళ్లిపోతూ, గొంతు తగ్గించి అడుగుతారు. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలనే ఇక్కడ దశల వారీగా రాశాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. మందుల మోతాదులు, రోగ నిర్ధారణ సైకియాట్రిస్టుల పని. మీ విషయంలో చివరి మాట వాళ్లదే.

## మొదటి నాలుగు వారాలు

యాక్సిడెంట్ అయి పది రోజులైంది. కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. నాకు పిచ్చి పడుతోందా?

లేదు. ప్రాణం మీదికొచ్చిన సంఘటన తర్వాత పీడకలలు రావడం, హారన్ వినిపిస్తే ఉలిక్కిపడటం, గుండె దడ, చీకటి పడితే బెంగ, ఇవన్నీ మొదటి వారాల్లో చాలామందికి ఉంటాయి. ప్రమాదం దాటిపోయిందని ఒంటికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఎక్కువమందిలో ఇవి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

3 రోజుల నుంచి నెల లోపు ఈ లక్షణాలు తీవ్రంగా ఉంటే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. నెల దాటినా ఉంటే పీటీఎస్‌డీ (ప్రాణం మీదికొచ్చిన సంఘటన వల్ల మనసుకి తగిలిన దెబ్బ మానకుండా ఉండిపోయే జబ్బు) ఉందేమో చూస్తారు. అయితే తిండి, నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా నెల పూర్తవ్వాలని ఎదురుచూడకండి. ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

జడుసుకున్నానని ఇంట్లో దిష్టి తీశారు. ఊళ్లో తాయెత్తు కట్టిస్తామంటున్నారు. కట్టించుకోవచ్చా?

కట్టించుకోండి. మనవాళ్లంతా చుట్టూ ఉన్నారన్న ధైర్యం చిన్నది కాదు. గాయం తర్వాత తోడు దొరికినవాళ్లు త్వరగా కోలుకుంటారు. కానీ ఆ పేరుతో మందులు ఆపమన్నా, పుండు మానాల్సిన సమయంలో ఉపవాసాలు ఉండమన్నా, కొట్టడం, పొగ పెట్టడం లాంటివి చేస్తామన్నా ఒప్పుకోవద్దు. నెల దాటాక కూడా భయం అలాగే ఉంటే తాయెత్తు ఉండగానే డాక్టరు దగ్గరికీ వెళ్లండి. రెండూ పడవని ఏ డాక్టరూ అనరు.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగింది?" అని మొదటినుంచీ చెప్పమంటున్నారు. చెబితే గుండె బరువు దిగుతుందట, నిజమేనా?

మీకు చెప్పాలనిపించినప్పుడు, మీకు నచ్చిన మనిషికి చెబితే దిగుతుంది. బలవంతంగా చెప్పిస్తే దిగదు. ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ఉండేది. అది పీటీఎస్‌డీని ఆపడం లేదనీ, కొందరికి చెరుపు కూడా చేస్తోందనీ పరిశోధనల్లో తేలింది. బ్రిటన్‌లో ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో దాన్ని చేయవద్దనే చెప్పింది.

ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకుని వచ్చినవాళ్లకి బయటే క్లుప్తంగా చెప్పేయండి. ఇంకో మాట. సీసీటీవీ క్లిప్పు ఎవరో వాట్సాప్‌లో పంపుతారు. దాన్ని ఒంటరిగా, రాత్రిపూట, మళ్లీ మళ్లీ చూడొద్దు. కేసు కోసం కావాలంటే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో దాచమనండి.

నిద్ర పట్టట్లేదు. మెడికల్ షాపులో ఆల్ప్రాజోలం తెచ్చుకుంటే?

వద్దు. ఆల్ప్రాజోలం, క్లోనజెపామ్, లోరజెపామ్ ఆ రాత్రికి నిద్ర తెప్పిస్తాయేమో గానీ పీటీఎస్‌డీ రాకుండా ఆపవు. త్వరగా అలవాటవుతాయి. నొప్పికి ట్రమడాల్ వాడుతున్నవాళ్లలో, మద్యం తాగేవాళ్లలో ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. నిద్ర లేదని మీ ఆర్థో డాక్టరుకే చెప్పండి. చాలాసార్లు నొప్పి మందు వేళ మార్చినా నిద్ర కుదురుతుంది.

## నెల దాటాక

పీటీఎస్‌డీ అని ఎప్పుడంటారు?

నాలుగు రకాల మార్పులు చూస్తారు. మొదటిది, ఆ సంఘటన అడగకుండానే తిరిగి రావడం: పీడకలలు, అప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, బ్రేకు శబ్దానికి ఒళ్లంతా చెమట పట్టడం. రెండోది తప్పించుకోవడం. సిల్క్ బోర్డు దగ్గర పడ్డ మనిషి ఆ జంక్షన్ రాకుండా గంట చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్తాడు, ఎవరైనా ఆ మాటెత్తితే లేచిపోతాడు. మూడోది, ఆలోచనలూ మనసూ మారడం: "తప్పంతా నాదే", "ఎవర్నీ నమ్మలేం", పిల్లలు నవ్వినా ఏమీ అనిపించకపోవడం. నాలుగోది ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం: ఉలికిపాటు, కోపం, నిద్రలేమి, ఏకాగ్రత కుదరకపోవడం.

ఇవి నెలకి పైగా ఉండి పనినీ సంసారాన్నీ దెబ్బతీస్తుంటే ఆ పేరు పెడతారు. పీసీఎల్-5 అనే ప్రశ్నావళి ఒకటుంది. 20 ప్రశ్నలు, మొత్తం 80 మార్కులు. 31-33 దాటితే నిపుణుడిని కలవడం మంచిదని అర్థం. మార్కులు చూసి రోగం ఉందనో లేదనో మీకు మీరే తేల్చుకోకండి.

నాకు విరిగింది కాలర్ బోన్ ఒక్కటే. పక్క బెడ్ ఆయనకి కాలే తీసేశారు, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నాకెందుకిలా?

గాయం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి పీటీఎస్‌డీ రాదు. ఆ క్షణంలో "అయిపోయింది, చచ్చాను" అని ఎంత బలంగా అనిపించిందన్నది గాయం సైజు కంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. లారీ చక్రం తల పక్కనుంచి వెళ్లినవాడికి ఒంటి మీద గీత కూడా పడకపోవచ్చు. అదే ప్రమాదంలో మరొకరు చనిపోయినా, చిన్నప్పుడే పెద్ద దెబ్బలు తిన్న మనసైనా, ఇదివరకు డిప్రెషన్ ఉన్నా, ఊరు కాని ఊళ్లో పీజీ గదిలో ఒంటరిగా కోలుకుంటున్నా ముప్పు పెరుగుతుంది. ఇది ధైర్యం తక్కువై వచ్చింది కాదు. పక్క బెడ్ ఆయన రాత్రిళ్లు ఎలా ఉంటాడో కూడా మీకు తెలియదు కదా.

తలకి దెబ్బ తగిలి అసలేం జరిగిందో గుర్తే లేదు. గుర్తులేనిదానికి భయమెలా వస్తుంది?

వస్తుంది. సంఘటన మొత్తం గుర్తు లేకపోయినా ముక్కలు మిగిలిపోతాయి: పెట్రోలు వాసన, ఎవరో అరిచిన కేక, ఐసీయూలో గొట్టాల మధ్య మెలకువ వచ్చిన క్షణం. ఐసీయూలో మగతగా ఉన్నప్పుడు కన్న భయంకరమైన కలలు నిజంగా జరిగినట్టే నిలిచిపోవడమూ ఉంది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే తలనొప్పి, మతిమరుపు, చిరాకు, నిద్ర పాడవడం తల దెబ్బ వల్లా రావచ్చు, పీటీఎస్‌డీ వల్లా రావచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. న్యూరో డాక్టరు, సైకియాట్రిస్టు ఇద్దరూ చూడాలి. తలనొప్పి పెరుగుతూ పోయినా, వాంతులు, మత్తు, ఫిట్స్ వచ్చినా మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

ఎక్స్‌రేలో ఎముక అతికింది అంటున్నారు. నొప్పి మాత్రం అలాగే ఉంది. అంతా నా భ్రమేనా?

భ్రమ కాదు. నొప్పి నిజం. నా పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ చూసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ సంఘటన గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చిన ప్రతిసారీ ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండరం మళ్లీ నొప్పెడుతుంది. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. నొప్పెడుతుందని మోకాలు వంచకుండా ఉంటే కీలు పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే వంగదు. టేబుల్ మీద పడుకుని నేను వంచితే 110 డిగ్రీలు వంగే మోకాలు, మెట్లు దిగమంటే కర్రలా నిలబడిపోవడం చూశాను. ఆ మనిషి మెట్ల మీంచే పడ్డాడు.

ఇలాంటప్పుడు వ్యాయామం పెంచడం ఒక్కటే మందు కాదు, మానేయడం అసలే కాదు. భయానికీ నొప్పికీ ఒకేసారి వైద్యం జరిగితే రెండూ దిగుతాయి. ముందుగా ఎముక సరిగ్గా అతకకపోవడం, లోపల ఇన్‌ఫెక్షన్, నరం నొక్కుకోవడం లాంటివి లేవని ఆర్థో డాక్టరు తేల్చాలి. చర్మం రంగు మారి, వాచి, గాలి తగిలినా మంట పుడుతుంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. దానికి త్వరగా వైద్యం చేయాలి.

ఆరు నెలలు బాగానే ఉన్నాను. ప్లేటు తీయడానికి ఆపరేషన్ అనగానే అంతా మొదలైంది. ఇంత ఆలస్యంగా వస్తుందా?

వస్తుంది. 6 నెలల తర్వాత పూర్తి స్థాయిలో బయటపడే పీటీఎస్‌డీని వైద్యులు గుర్తించారు. అంతకుముందే కొన్ని లక్షణాలు ఉండి, మనం పట్టించుకోకపోవడమే ఎక్కువ. రెండో ఆపరేషన్, కోర్టు నోటీసు, మళ్లీ డ్యూటీలో చేరే రోజు, ప్రమాదం జరిగి ఏడాది నిండే తేదీ దాన్ని కదిలిస్తాయి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. థియేటర్‌లోకి తీసుకెళ్లేటప్పుడు పక్కన ఎవరుండాలి, మెలకువ వచ్చేసరికి ఎవరు కనిపించాలి అన్నది ముందే మాట్లాడుకోవచ్చు.

## వైద్యం

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి? కన్నడ సరిగా రాదు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారా?

ఉంటారు. మొదటి అడుగుగా టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు: 14416 లేదా 1800-891-4416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగు కూడా ఉంది. పేరు చెప్పమని బలవంతం చేయరు.

హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బులు చూసే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌ని "పిచ్చాసుపత్రి" అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆ మాటకి జంకి రాకుండా ఉండిపోయినవాళ్లని చూస్తే బాధేస్తుంది. మెదడు ఆపరేషన్లు, నరాల జబ్బులు, తల గాయాలు చూసేదీ అక్కడే. ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. ఆ గేటు దాటడానికి మనసొప్పకపోతే బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. పెద్ద జనరల్ ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలుంటాయి. డిశ్చార్జి సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు. మాటలతో చేసే చికిత్స ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు. ప్రైవేటుగా వెళ్తుంటే అపాయింట్‌మెంట్‌కి ముందే రెండు ప్రశ్నలు వేయండి: తెలుగులో చేస్తారా? ట్రామా ఫోకస్డ్ థెరపీలో (జరిగిన సంఘటన మీదే నేరుగా పనిచేసే చికిత్సలో) శిక్షణ ఉందా? ఉత్తినే ఓదార్చే కౌన్సెలింగ్ మంచిదే కానీ పీటీఎస్‌డీకి అది చాలదు.

థెరపీలో మళ్లీ అంతా చెప్పించి ఏడిపిస్తారా?

ఏడుపు రావచ్చు. కానీ మొదటి రోజే ఏదీ తవ్వరు. ముందు ఈ జబ్బు ఎలా పనిచేస్తుందో చెబుతారు, ఊపిరిని నెమ్మదించడం లాంటివి నేర్పుతారు, మీరు సరేనన్నాకే ముందుకెళ్తారు.

బాగా పనిచేస్తాయని రుజువైన పద్ధతుల్లో ముఖ్యమైనవి మూడు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో ఆ జ్ఞాపకాన్ని సురక్షితమైన గదిలో పదే పదే చెప్పిస్తూ, తప్పించుకుంటున్న చోట్లకి ఒక్కో మెట్టుగా తీసుకెళ్తారు. సాధారణంగా 8 నుంచి 15 విడతలు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ 12 విడతలు ఉంటుంది. "నేను బండి తీయకపోతే మా తమ్ముడు బతికేవాడు" లాంటి ఆలోచనల్ని కాగితం మీద పెట్టి, అందులో నిజమెంతో కలిసి చూస్తారు. మూడోది ఈఎండీఆర్. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలి కదలికని కళ్లతో అనుసరిస్తారు.

కట్టు విప్పిన మోకాలిని మేం రోజుకి కొంచెం వంచినట్టే ఇదీ. నొప్పి లేని చోటే ఆగిపోతే కీలు వదలదు, ఒక్కసారే విరిచేస్తే దెబ్బతింటుంది. మధ్యలో కొన్ని రోజులు భయం పెరిగినట్టు అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. మానకండి. పెరిగిందని థెరపిస్టుకి చెప్పండి, వేగం తగ్గిస్తారు.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?

అక్కర్లేదు. పీటీఎస్‌డీకి ఎక్కువగా రాసేవి సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్. నిద్రమాత్రల్లా మత్తుకి అలవాటు చేయవు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం, కడుపులో తిప్పడం ఉండొచ్చు. తగ్గాక కూడా కొన్ని నెలలు కొనసాగించి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. మీకు మీరే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి.

గాయపడ్డవాళ్లు తప్పక చెప్పాల్సింది ఒకటుంది. ట్రమడాల్‌తో ఈ మందులు కలిస్తే ఫిట్స్, ఒళ్లు వణకడం లాంటి ప్రమాదాలున్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆర్థో చీటీ సైకియాట్రిస్టుకి, సైకియాట్రిస్టు చీటీ ఆర్థోకి చూపించండి.

పూర్తిగా తగ్గుతుందా?

చాలామందికి ఆ పేరు పెట్టాల్సిన అవసరం లేనంతగా తగ్గుతుంది. సంఘటన గుర్తుంటుంది, గుర్తొస్తే బాధా ఉంటుంది, కానీ రోజంతా దాని చుట్టూ తిరగదు. ఏళ్ల తర్వాత వైద్యం మొదలుపెట్టినా ఫలితం ఉంటుంది.

## మళ్లీ రోడ్డు మీదికి, పనిలోకి

బండి మళ్లీ ఎప్పుడు ఎక్కాలి?

బ్రేకు గట్టిగా నొక్కేంత బలం కాలికీ చేతికీ వచ్చిందని ఆర్థో డాక్టరు చెప్పాక. మగత తెచ్చే మందులు వాడుతుంటే అవి మారేదాకా వద్దు.

తర్వాత మెట్లు మెట్లుగా. మొదట అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్టార్ట్ చేయకుండా బండి మీద కూర్చోండి. తర్వాత ఆదివారం పొద్దున్నే లేఅవుట్ లోపల ఒక చుట్టు. తర్వాత రద్దీ లేని వేళ మెయిన్ రోడ్డు. ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్లైఓవర్లు ఆ తర్వాత. పడ్డ చోటు ఆఖరున. ప్రతి మెట్టు మీదా భయం పెరిగి, మళ్లీ దిగేదాకా ఉండండి. భయం పతాక స్థాయిలో ఉండగా వెనక్కి వచ్చేస్తే "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని మనసు రాసేసుకుంటుంది. రోడ్డు మీద ఊపిరాడనట్టయితే మాత్రం బండి పక్కకి ఆపండి, తగ్గాక కదలండి. లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు ఇది థెరపిస్టుతో కలిసే చేయాలి.

మెట్రోలో వెళ్తే తప్పా అని అడుగుతారు. కాదు. బెంగళూరు ట్రాఫిక్‌లో అది తెలివైన పనే. కేవలం భయంతోనే బండి తీయట్లేదా అని మాత్రం మీరే చూసుకోండి.

నేను పరంజా ఎక్కే మేస్త్రీని. రోజు కూలి. భయమని ఇంట్లో కూర్చుంటే తిండెలా?

మీకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు ఉండి పనిలో గాయపడి ఉంటే, పనిచేయలేని కాలానికి కూలిలో 90 శాతం వరకు భత్యం వస్తుంది. ఈఎస్ఐ లేకపోతే చట్ట ప్రకారం యజమాని నుంచి పరిహారం అడగొచ్చు. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఆ హక్కు ఉంటుంది. కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదై ఉంటే ప్రమాద సాయం గురించి అక్కడా అడగండి.

పనిలో చేరేటప్పుడు కొన్నాళ్లు కింద పని ఇమ్మనండి. ఎత్తు మీద కళ్లు తిరిగి, చేతులు వణికే మనిషి తనకీ పక్కవాడికీ ప్రమాదమే, కాబట్టి ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఆఫీసులో చెప్పాలా?

జబ్బు పేరు చెప్పాల్సిన అవసరం లేదు. "యాక్సిడెంట్ తర్వాత వైద్యం జరుగుతోంది, రాత్రి షిఫ్టు రెండు నెలలు వద్దు" అంటే చాలు. నైట్ క్యాబ్ భయం, ఒంటరి ప్రయాణం భయం ఉంటే డాక్టరు చీటీతో ఇంటి నుంచి పని అడగండి. కానీ నెలల తరబడి గడపే దాటకుండా ఉండే ఏర్పాటుగా అది మారకూడదు.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

మా ఆయన ఇదివరకు ఇలా లేరు. చీటికీమాటికీ కసురుకుంటున్నారు, రాత్రి మందు లేకుండా పడుకోవట్లేదు. నేనేం చేయాలి?

ఆ కోపం మీ మీద కాదు. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే ఒళ్లు అలసిపోయి కసురుకుంటుంది. వెనకనుంచి వచ్చి తట్టి లేపకండి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. "మర్చిపోండి", "మగాడై ఉండి" లాంటి మాటలు అనకండి. కోపం లేని వేళ, పొద్దున కాఫీ దగ్గర, "మీరు నిద్రపోవట్లేదు, నాకు దిగులుగా ఉంది, నేనూ వస్తాను, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం" అనండి.

మద్యం నిద్ర పట్టిస్తుంది కానీ మధ్యరాత్రి లేపేస్తుంది, మర్నాడు ఉలికిపాటు పెంచుతుంది. రోజూ తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే మాన్పించడమూ డాక్టరు చేతి మీదుగానే జరగాలి. ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం జబ్బని ఓర్చుకోవద్దు. పిల్లల్ని తీసుకుని ఆ గదిలోంచి, అవసరమైతే ఆ ఇంట్లోంచి బయటికి రండి.

నాది యాక్సిడెంట్ కాదు. ఇంట్లో కొట్టడం వల్ల చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో జారిపడ్డానని చెప్పాను. నాకూ ఇవే లక్షణాలు.

మీకూ రావచ్చు. మనిషి చేసిన గాయం తర్వాత పీటీఎస్‌డీ వచ్చే అవకాశం యాక్సిడెంట్ తర్వాత కన్నా ఎక్కువే. తేడా ఏమిటంటే మీ ప్రమాదం ఇంకా అయిపోలేదు. మీ ఉలికిపాటులో నిజముంది. కాబట్టి ముందు భద్రత. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. మిమ్మల్ని విడిగా చూడమని డాక్టరునో నర్సునో అడగండి, గాయం ఎలా అయిందో కేసు కాగితంలో నిజం రాయించుకోండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగడానికి అది పనికొస్తుంది.

"నేను పోతే మీకు పీడా వదులుతుంది" అంటున్నాడు. ఊరికే అంటున్నాడా?

ఊరికే అన్నాడనుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మాత్రల స్ట్రిప్పులు, పురుగుల మందు, తాళ్లు అందకుండా తీసేయండి. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయండి, లేదా నిమ్హాన్స్ ఎమర్జెన్సీకో దగ్గర్లోని ఏ పెద్దాసుపత్రికో ఆ రోజే తీసుకెళ్లండి.

## డబ్బు, కాగితాలు

నా ఆరోగ్య బీమా దీనికి పనికొస్తుందా?

2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకిచ్చే ప్రాతిపదికనే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. పీటీఎస్‌డీ వైద్యం ఎక్కువగా చేరకుండానే జరుగుతుంది. మీ పాలసీలో ఓపీడీ కవరేజి ఉందేమో చూడండి. ఆఫీసు గ్రూపు పాలసీ అయితే హెచ్‌ఆర్‌ని అడగండి.

యాక్సిడెంట్ కేసులో మనసుకి అయిన గాయానికి కూడా పరిహారం అడగొచ్చా?

అడగొచ్చు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు పరిహారం లెక్కించే పద్దులు చెబుతూ, గాయాల వల్ల కలిగిన నొప్పి, బాధ, ట్రామాని అందులో ఒక పద్దుగా చేర్చింది. వైద్యం ఖర్చు, పోయిన ఆదాయం వేరే పద్దులు. కానీ కాగితం లేకపోతే ట్రిబ్యునల్ ముందు మీ మాట నిలవడం కష్టం. సైకియాట్రిస్టు చీటీలు, థెరపీ రసీదులు, పనికి వెళ్లలేని రోజుల రికార్డు దాచండి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో దరఖాస్తుకి 6 నెలల గడువు పెట్టారు, కాబట్టి ఒళ్లు బాగయ్యాక చూద్దామని ఆగకుండా ముందే వకీలుని కలవండి.

సాక్ష్యం చెప్పే రోజు అంతా మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. ఆ తేదీ తెలియగానే థెరపిస్టుకి చెప్పి, దానికి ముందొక విడత, తర్వాత ఒక విడత పెట్టించుకోండి. కోర్టుకి ఒంటరిగా వెళ్లొద్దు, తిరిగొచ్చేటప్పుడు బండి మీరు నడపొద్దు.